మన పార్టీ పొడి

ఆ ఎండాకాలం మా ఊళ్లో మందుకు కూడా పార్టీ వచ్చింది.

మిగతా అన్నిటికీ అంతకుముందే ఉండేది. ఎదుటి పార్టీ వాళ్ల దిగువపల్లె పాలు మేం తాగేవాళ్లం కాదు. మా ఊరి కూరగాయలు వాళ్లు కొనేవాళ్లు కాదు. జమ్మలమడుగులో మా లాయరు వేరు, వాళ్ల లాయరు వేరు. ఎరువుల అంగడి వేరు, టీ అంగడి వేరు. సర్కారు ఆస్పత్రి ఒక్కటే గానీ, అక్కడి డాక్టరు దిగువపల్లె వాళ్ల మేనల్లుడు. అందుకని మా ఊరివాళ్లు ఆయనకు చెయ్యి చూపించేవాళ్లు కాదు.

మా ఊరంతా పెద్దాయనది. ఆయన పేరు చెన్నకేశవ. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఊళ్లో లేరు. మా అక్క తిరుపాలమ్మ మొగుడు కుళ్లాయప్ప ఆయన మనిషి. గొర్రెలు మేపుకుంటూ పెద్దాయన పొలాల్లో ఎరువుకు మంద పెట్టేవాడు. ఎన్నికలప్పుడు జీపు వెనకాల కూర్చునేవాడు.

అది తొంభై ఆరు, పార్లమెంటు ఎన్నికలు. ప్రొద్దుటూరు పోవాలంటే దిగువపల్లె మీదుగా పోవాలి. ఉగాదికి ముందు దిగువపల్లె మలుపులో పెద్దాయన జీపు మీద బాంబులు పడ్డాయి. డ్రైవరు చనిపోయాడు. ఆ తర్వాత మా ఊరి మగవాళ్లెవరూ ఆ బస్సెక్కలేదు. నేను జమ్మలమడుగులో గది తీసుకుని ఒక పత్రికకు వార్తలు రాసేవాణ్ని. వారానికోసారి ఊరికి వచ్చేవాణ్ని.

అక్క కూతురు అంకాలమ్మ. మా అమ్మ పేరు పెట్టారు. అంకి అని పిలిచేవాళ్లం. ఐదో తరగతి చదివేది. అంతకుముందు ఏడాది ఆ పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోయింది. కుండలకు కుండలు నీళ్లు తాగింది. కడపకు తీసుకుపోతే షుగరన్నారు. పెద్దవాళ్లకొచ్చే షుగరు కాదు, ఈ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు, బతికినన్నాళ్లూ రెండు పూటలా అన్నానికి ముందు సూది వేయాల్సిందే అని చెప్పారు. అక్క వేయడం నేర్చుకుంది.

సూదిమందు ఎండకు చెడిపోతుంది. ఊళ్లో ఫ్రిజ్ పెద్దాయన ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. అక్క ఒక కుండలో ఇసుక పోసి, తడిపి, దాని మధ్య ముంత పెట్టి, ముంతలో సీసా దాచేది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఇసుక మీద నీళ్లు చల్లేది. సీసా ప్రొద్దుటూరు నుంచి ఇనాయతుల్లా తెచ్చేవాడు. అతను పుల్లైసు అమ్మేవాడు. అక్కడి ఐసు ఫ్యాక్టరీలో డబ్బా నింపుకుని, సైకిల్ మీద దిగువపల్లెలోనూ మా ఊళ్లోనూ అమ్ముకునేవాడు. ఐసు కింద గుడ్డలో చుట్టిన సీసా ఉండేది.

"నిన్ను ఆపరా భాయ్ ఆడ?" అని ఒకసారి అడిగాను.

"ఆపుతారు. ఆపి, బాంబులుండాయేమోనని డబ్బాలో చెయ్యి పెడతారు. ఐసు తీసుకోని తింటారు. ఈడ మీవోళ్లూ అంతే గదప్పా."

*

ఏప్రిల్ మొదట్లో పెద్దాయన ఇంటి ముందు షామియానా వేశారు. ఎన్నికల మీటింగు అనుకుని నేను కూడా పోయాను. వేదిక మీద పంచె కట్టుకున్న మనిషి ఒకడున్నాడు. ప్రకృతి వైద్యుడట. అంతకుముందు ఎక్కడుండేవాడో ఎవరికీ తెలియదు. పెద్దాయన ఎవరో బంధువు ద్వారా పిలిపించాడు. ఊరు అతనికి పొడి సామి అని పేరు పెట్టింది.

పొడి సామి కొర్రల గురించి చెప్పాడు. మన తాతలు కొర్రన్నం తిన్నారు, వాళ్లకు షుగరు లేదు అన్నాడు. జనం తలలూపారు. వరి మానేసి కొర్రలు తింటే పెద్దవాళ్ల షుగరు కొంత అదుపులో ఉంటుందని డాక్టర్లూ చెప్తారు. ఆ మాట వరకు నిజమే. నిజం అంతవరకే. ఆ మాట పట్టుకుని అతను తర్వాతి మాటకు పోయాడు. కొర్రన్నంతో పాటు తన పొడి తింటే షుగరు వేళ్లతో సహా పోతుందన్నాడు. మాత్రలు కంపెనీలు అమ్ముకోవడానికి పుట్టించినవి, సూది అలవాటు చేసి చంపుతుంది అన్నాడు. మూత్రం పరీక్ష కూడా చేయించుకోవద్దన్నాడు. పరీక్ష చేస్తే భయం పుడుతుందట, భయానికి షుగరు పెరుగుతుందట.

పెద్దాయన లేచాడు. "నాకు పదేండ్ల నుంచి షుగరు. ఈ సామి పొడి తింటాండా. మాత్ర ముట్టి మూడు నెలలయింది. చూడండి, ఎట్లుండానో."

చూశాం. బాగానే ఉన్నాడు.

నేను లేచి అడిగాను. "సామీ, నయమైనోళ్ల పేర్లు చెప్తారా? పత్రికలో రాస్తాను."

"శానామంది ఉండారు నాయనా."

"ఒక్కరు చాలు."

"పులివెందులలో నారాయణ. చీనీకాయల మండీ. పోయి అడుగు."

తర్వాత ఒక గంప తెచ్చి వేదిక ముందర పెట్టారు. మాత్రలు, మందులు ఏమున్నా ఇంటి నుంచి తెచ్చి అందులో వేయమన్నాడు పొడి సామి. ముందు ఈశ్వరయ్య తాత వేశాడు. మా కులపెద్ద. అప్పటికే ఆయన కాలి బొటనవేలికి పుండు ఉంది, గుడ్డ కట్టుకుని తిరిగేవాడు. "ఈ మాత్రలు మింగి మింగి నోరు చేదయింది. నా పెండ్లాం తిట్లే దీనికన్నా తియ్యగుంటాయి" అన్నాడు. జనం నవ్వారు. గంప నిండుతోంది. వేసినవాళ్ల భుజం మీద పెద్దాయన చెయ్యి వేస్తున్నాడు.

బావ లేచి ఇంటికి పోవడం చూశాను. వచ్చేటప్పుడు చేతిలో సీసా ఉంది, సిరంజి ఉంది. వేళ్లకు ఇసుక అంటుకుని ఉంది. నేను చేరేలోపు గంపలో వేసేశాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, అట్లే ఉంచాడు.

*

ఇంటికి పోయేసరికి అక్క కుండలో చెయ్యి పెట్టి ఇసుక తోడుతోంది.

"ఏమప్పా, బిడ్డ మందు యాడ?" అని అడిగింది బావను.

"గంపలో వేసినా."

"ఎందుకేసినావు?"

"అందరూ వేస్తాంటే నేనొక్కణ్ని యాడ కూచుంటా? రేపు అడగరా, కుళ్లాయప్ప సీసా ఇంట్లో దాచుకున్యాడు, వాని మనసు యాడుందో అని? పోయిన నెల డ్రైవరు చచ్చినాడు. ఆ పొద్దు జీపులో ఎవుడెవుడు లేడో లెక్క పెడతాండారు."

"నేనడిగేది బిడ్డ సంగతి. నువ్వు చెప్పేది జీపు సంగతి."

"పెద్దాయనకే తగ్గింది. బిడ్డకు తగ్గదా?"

"గొర్రెలకు చిటుకు రోగం రాకుండా పశువుల డాక్టరుతో సూదులేయిస్తావు. ఒక్క పిల్లను గూడా వదలవు. గొర్రెకు సూది కావల్ల, నీ బిడ్డకు పొడి చాలునా?"

"గొర్రెకు పార్టీ లేదు గదమ్మే" అన్నాడు బావ. ఎగతాళికి అనలేదు. నేల చూస్తూ అన్నాడు.

నేను ఇద్దరి మధ్యకు పోయాను. డాక్టరు చెప్పిన మాట మళ్లీ చెప్పాను. పెద్దాయన షుగరు వేరు, అంకి షుగరు వేరు అన్నాను. "కడప డాక్టరు ఎవురి మనిషో నీకు తెలుసా?" అని అడిగాడు బావ. నాకు తెలియదు. అది అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

మరుసటి రోజు అక్క ఇనాయతుల్లాకు కబురు చేసింది. అతను ఐసు డబ్బాతో ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు కానీ సైకిల్ దిగలేదు. "నాకు చెప్పినారమ్మా. సూదిమందు తెస్తే ఈ ఊరికి రావద్దన్నారు. ఆ ఊర్లో గూడా పొమ్మంటే నేను యాడ అమ్ముకోవల్ల?" అంకికి ఒక పుల్లైసు ఇవ్వబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

మందు నేను తెస్తానని అక్కకు చెప్పి బయల్దేరాను. జమ్మలమడుగులో ఆ మందు దొరకలేదు. ప్రొద్దుటూరుకు రేపు పోతాననుకున్నాను. ముందు పులివెందుల పోవాలనిపించింది. వట్టి మాటలు చెప్తే బావ వినడు. నారాయణ నోటి మాట తెస్తే వింటాడనుకున్నాను.

*

పులివెందుల బస్టాండులో దిగి చీనీకాయల మండీ ఎక్కడని అడిగితే, నారాయణ ఇప్పుడు మండీకి రావడం లేదని చెప్పి ఇల్లు చూపించారు.

వరండాలో మంచం మీద కూర్చున్నాడు. అరవై ఏళ్లుండవచ్చు. పేపరువాణ్నని, పొడి సామి పంపాడని చెప్పాను. నా గొంతు వచ్చిన వైపు కాక కొంచెం పక్కకు తిరిగి చెయ్యెత్తి దండం పెట్టాడు.

"కూచో నాయనా. ఆ సామి దేవుడు. నాకు సగానికి సగం తగ్గింది. మాత్రలు ఇడిసిపెట్టి రెండేండ్లయింది. శానా బాగుండాది."

"పరీక్ష చేయించుకున్నారా?"

"ఎందుకు? నా ఒళ్లు నాకు తెలీదా?"

లోపలి నుంచి ఆయన భార్య మునెమ్మ నీళ్లు తెచ్చింది. చెంబు నా చేతికిచ్చింది. ఇంకో చెంబు ఆయన చేతిని పట్టి, వేళ్లు విడదీసి, అందులో పెట్టింది. ఆయన తాగాడు. గడ్డం మీద కారిన నీళ్లను ఆమె కొంగుతో తుడిచింది.

"కండ్లు?" అన్నాను ఆమె వైపు చూసి.

"ఈ శివరాత్రికి ముందే పూర్తిగా పోయినాయి."

"వయసు మే" అన్నాడు నారాయణ. "దానికీ షుగరుకూ సంబంధం లేదని సామే చెప్పినాడు."

మునెమ్మ నాతో పాటు వీధి దాకా వచ్చింది. "నువ్వు మూడోవోనివి నాయనా, ఇట్లా అడగను వచ్చినోళ్లలో. అందరూ ఆయప్పనే అడిగి పోతారు. బాగుండానని చెప్తాడు. నమ్ముతారు. నన్నొక్కరూ అడగలేదు."

నయమైన మనిషిగా ఆ మనిషి పేరును ఊరూరా తిప్పుతున్నారు.   జమ్మలమడుగులో దిగి, గదికి పోయి వార్త రాశాను. మునెమ్మ చెప్పినదంతా రాశాను. కడప ఆఫీసువాళ్లు ఫోనులో, ఎన్నికలైన తర్వాత చూద్దాం అన్నారు. ఆ వారమే మా పత్రికలో కొర్రల గొప్పతనం మీద పొడి సామి ఫొటోతో సగం పేజీ వచ్చింది.

*

తెల్లవారి ప్రొద్దుటూరు బస్సు లేదు. దిగువపల్లె దగ్గర మళ్లీ గొడవ, రోడ్డు మూశారు. నేను జమ్మలమడుగు నుంచి నడిచి, దారిలో ఒక ట్రాక్టరు ఎక్కి ఊరికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది.

అంకి చాప మీద పడుకుని ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి కానీ పిలిస్తే చూడలేదు. ఊపిరి లోతుగా, వేగంగా తీస్తోంది. నోట్లోంచి మాగిన పండు వాసన. రాత్రి నుంచి వాంతులట. పక్కన గిన్నెలో కొర్రన్నం, పొడి కలిపిన నీళ్లు.

"సామి వచ్చి చూసి పోయినాడు" అన్నాడు బావ. "ఒంట్లో విషం బయటికి పోతాందంట. వాంతులయితే మంచిదేనంట."

నేను పులివెందుల సంగతి చెప్పాను. నారాయణకు కళ్లు పోయాయని చెప్పాను.

"పులివెందులోళ్లు ఎవురి పార్టీ?" అన్నాడు బావ.   అడిగి అడిగి ఆ ప్రశ్న తప్ప ఇంకో ప్రశ్న అతనికి రాకుండా పోయింది.

అక్క లేచి బయటికి నడిచింది. నేను వెనకాల పోయాను. నేరుగా పెద్దాయన ఇంటికి పోయింది. జీపు కోసం పోతోందనుకున్నాను. పెద్దాయన ప్రచారానికి పోయి ఉన్నాడు, జీపులూ లేవు. వాకిట్లో మొన్నటి గంప ఎండలో అట్లే ఉంది.

పెద్దాయన భార్య వనజమ్మ బయటికొచ్చింది. అక్కను చూసి, నన్ను చూసి, వేరే ఏమీ అడగకుండా "బిడ్డకు ఊపిరి ఎట్లుంది?" అంది.

"కుక్క రొప్పినట్టుంది అమ్మా."

వనజమ్మ లోపలికి పోయింది. గడప దగ్గర నుంచి నాకు కనబడింది. ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నె పక్కకు జరిపి, వెనక నుంచి ఒక సీసా తీసింది. అంకి వాడే మందే. సగం అయిపోయి ఉంది. అట్టపెట్టెలోంచి కొత్త సిరంజి కూడా తీసింది. రెండూ కొర్రపిండి ఉన్న చాటలో పెట్టి, పైన పిండి కప్పి, అక్క చేతికిచ్చింది.

"గంపలో నీ సీసా ఉంది గానీ అది ఎండకు చచ్చింది. ఇది తీసుకోపో. ఎన్ని గీతలెయ్యాలో నీకు తెలుసు."

అక్క సీసా వైపు చూసింది. వనజమ్మ ముఖం వైపు చూసింది.

"అడగొద్దు. బిడ్డను చూసుకోపో."

సూది వేశాం. ఉప్పునీళ్లు చెంచాతో పోశాం. మధ్యాహ్నానికి పోలీసులు జీపు ముందు పెట్టి ఒక బస్సు నడిపించారు. అంకిని భుజాన వేసుకుని బావ బస్సు దాకా వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టి, తీశాడు.

"నేనెక్కితే ఆడ బస్సు ఆపుతారు గోయిందూ. నన్ను దించుతారు. ఆలస్యమవుతాది."

అది నిజమే. నేను పేపరువాణ్ని, నన్ను దించరు. బిడ్డను నా చేతికిచ్చి, నేనూ అక్కా ఎక్కిన బస్సు పోయేదాకా రోడ్డు మీద నిలబడ్డాడు.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు. డాక్టరమ్మ రాత్రంతా ఉంది. "ముందు సూది ఎవరేశారు? అది పడకుంటే ఈడిదాకా వచ్చుండేది కాదు" అంది. అక్క తన వేలితో తననే చూపించుకుంది.

*

అంకి కోలుకుని ఊరికి వచ్చిన వారంలో పెద్దాయన ఇంటి ముందు భోజనాలు పెట్టారు. పోలింగుకు ముందు ఆఖరి మీటింగు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. షుగరు ఉన్నవాళ్లను వేరే వరుసలో కూర్చోబెట్టి కొర్రన్నం వడ్డిస్తున్నారు. వనజమ్మ గరిటె పట్టుకుని తిరుగుతోంది.

అంకిని తీసుకురమ్మని కబురొచ్చింది. బావ ముందు, అక్క వెనక, మధ్యలో పిల్ల. అక్క చేతిలో టిఫిను గిన్నె ఉంది. పెద్దాయన అంకిని ఎత్తుకుని వేదిక మీద నిలబెట్టాడు.

"ఈ బిడ్డను చూడండి. చచ్చేదాకా పోయింది. ఆస్పత్రిలో ఏం చేసినారు? వట్టి ఉప్పునీళ్లు ఎక్కించినారు. బతికించింది సామి పొడి. దిగువపల్లె డాక్టరు ఊరూరా తిరిగి ఇది మోసమంటాండాడు. మోసమైతే ఈ బిడ్డ యాడిది?"

చప్పట్లు కొట్టారు. పొడి సామి దండం పెట్టాడు. నాకు లేచి అరవాలనిపించింది. అరిస్తే వనజమ్మ పేరు చెప్పాల్సి వస్తుంది. పక్కన బావ నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

పెద్దాయన అంకిని దింపి, తన పక్కనే విస్తరి ముందర కూర్చోబెట్టాడు. "తిను పాపా."

"ఉండు అంకీ" అంది అక్క.

వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. టిఫిను గిన్నె మూత తీసింది. అందులో తడి ఇసుక. ఇసుకలోంచి సీసా తీసింది. ప్రొద్దుటూరులో కొన్న సీసా. సిరంజిలోకి మందు ఎక్కించి, వెలుతురుకు ఎత్తి పట్టి గీతలు చూసింది. అంకి అలవాటుగా చెయ్యి చాపి ముఖం పక్కకు తిప్పుకుంది. అక్క సూది వేసి, దూదితో అద్ది, సీసాను మళ్లీ ఇసుకలో పెట్టింది.

"ఇప్పుడు తిను" అంది.

అందరూ చూశారు. ఎవరూ చెయ్యి విస్తట్లో పెట్టలేదు. వెనక వరుస నుంచి ఎవరో "ఏందమ్మా అది?" అన్నారు.

"సూది. ఇది లేకుంటే చస్తాది. పొయ్యేదాకా పోయొచ్చింది."

పెద్దాయన నవ్వాడు. "ఆడమనిషి గదా, భయం యాడికి పోతాది? కుళ్లాయప్పా, నీ పెండ్లానికి చెప్పుకో."

బావ నా చెయ్యి వదిలేశాడు. లేచి పోయి అంకి వెనకాల నిలబడ్డాడు.  పెద్దాయన వైపు చూడలేదు.

అప్పుడు వనజమ్మ గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"మీరూ లోపలికి రాండి" అంది మొగుడితో. రోజూ చెప్పే మాటలాగే చెప్పింది. "మీకూ సూది టైమయింది. అన్నం తినాక వేస్తే పని చెయ్యదు."

షామియానా గుడ్డ గాలికి కొట్టుకోవడం వినబడింది. పెద్దాయన కాసేపు విస్తరి వైపు చూశాడు. లేచి లోపలికి పోయాడు. ఫ్రిజ్ తలుపు చప్పుడు బయటికి వినబడింది.

పొడి సామి తన సంచి దగ్గరికి జరుపుకున్నాడు. నేను అతన్ని చూడలేదు. ఈశ్వరయ్య తాతను చూస్తున్నాను. ఆయన కాలి గుడ్డ ఇప్పుడు మడమ దాకా వచ్చింది. దాని చుట్టూ ఈగలు. ఆయన జేబులోంచి పొట్లం తీసి, విప్పి, పొడి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"తాతా, చూసినావు గదా?" అన్నాను.  "విన్యావు గదా?"

"చూసినాలేరా, విన్యాలే." మూతి తుడుచుకున్నాడు. "అయితే మాత్రం? ఆయప్ప మనోడు."

ఆ తర్వాతి ఎండాకాలం ఆయన కాలు మోకాలి దాకా తీసేశారు. పొడి సామి అప్పటికి ఇంకో జిల్లాలో షామియానా వేసుకున్నాడు. పత్రికల్లో అతని ఫొటో వస్తూనే ఉండేది.

ఎన్నికల్లో మా ఊరి ఓట్లన్నీ ఒక్కటి మిగలకుండా పెద్దాయన చెప్పిన గుర్తుకే పడ్డాయి. అక్క ఓటు, బావ ఓటు కూడా పడ్డాయి. ఆ రోజు వాళ్లిద్దరూ ఊళ్లో లేరు. గొర్రెలు అమ్మేసి, ఇనాయతుల్లా చూపించిన గదిలో, ప్రొద్దుటూరు ఐసు ఫ్యాక్టరీ వెనకాల, అంకికి సూది వేసి అన్నం పెడుతున్నారు.